వంతెన చెప్పిన లెక్క

మా అన్నయ్యగారి అబ్బాయి కొవ్వూరులో పదో తరగతి చదువుతున్నాడు. తెలుగు, సాంఘికం ఫరవాలేదు గాని, లెక్కల పుస్తకం తెరిస్తే చాలు, వాడికి చెమటలు పడతాయి. మొన్న పండక్కి వెళ్లినప్పుడు, "నాకు లెక్కలు రావు బాబాయ్. ఈసారి తప్పితే చదువు మానేస్తాను" అన్నాడు. వంటింట్లో వున్న వదిన ఆ మాట విని కళ్లొత్తుకుంది.

సాయంత్రం వాణ్ణి గోష్పాదం రేవుకి తీసుకుపోయాను. ఎదురుగా గోదావరి. 1974లో రాకపోకలు మొదలైన రోడ్డు-రైలు వంతెన చూపించి అడిగాను: "స్తంభానికీ స్తంభానికీ మధ్య దూరాన్ని స్పాను అంటారు. ఈ వంతెనకి మొత్తం 34 స్పానులు. కొన్ని ఇంచుమించు 300 అడుగులవి, తక్కినవి 150. అన్నీ కలిపితే 9,150 అడుగులు. పెద్దవెన్ని? చిన్నవెన్ని?"

"సూత్రం ఏమిటి బాబాయ్?"

జబ్బంతా ఇక్కడే వుంది. లెక్క పూర్తిగా చదవకముందే మన పిల్లలు సూత్రం వెతుకుతారు.

"సూత్రం సంగతి తరవాత. అన్నీ చిన్నవే అనుకో. పొడవెంత?"

నూట యాభైని ముప్ఫైనాలుగుతో హెచ్చవేశాడు. 5,100. ఉండవలసినదానికి 4,050 తక్కువ. ఒక చిన్న స్పాను తీసి పెద్దది పెడితే 150 అడుగులు కలిసివస్తాయి. 4,050లో 150లు ఎన్ని? ఇరవైయేడు! కాబట్టి పెద్దవి 27, చిన్నవి 7. వాడే చెప్పాడు. వంతెనకి నిజంగా వున్నవీ అన్నే.

ఇక బీజగణితం. తెలియని రాశిని మన పూర్వులు 'యావత్తావత్' అన్నారు. అంటే, ఎంతైతే అంత! ఎంత ధైర్యమైన మాటో చూడండి. తెలియదని ఏడవకుండా దానికో పేరు పెట్టేశారు. మేమూ పెద్దవాటికి 'ప' అనీ, చిన్నవాటికి 'చ' అనీ పెట్టాం.

ప + చ = 34
300ప + 150చ = 9,150

రెండోదాన్ని 150తో భాగిస్తే 2ప + చ = 61. కుడివైపు అంకెను భాగించడం మరిచిపోవడం పిల్లలకు పరిపాటి, జాగ్రత్త సుమా! ఇందులోంచి మొదటిది తీసేస్తే ప = 27. అప్పుడు చ = 7. సరిచూడండి: 8,100, 1,050 కలిపితే 9,150.

వాడు కాసేపు కాగితంకేసి చూసి, "ఇందాక అన్నీ చిన్నవే అనుకున్నాం కదా, ఈ తీసివేత అదే కదూ?" అన్నాడు. ఈ మాట కోసమే నేను రేవుదాకా నడిచింది. పావులూరి మల్లన మహావీరాచార్యుల గణితాన్ని తెలుగు పద్యాల్లో పెట్టిన దేశం మనది. లెక్కని మాటల్లో చెప్పుకోవడం మనకి కొత్త కాదు.

మర్నాడు రేఖాగణితం. విజ్జేశ్వరం దిగువన కాలవగట్టు మీద నిలబడ్డాం. కాలవ దాటకుండా వెడల్పు తెలుసుకోవాలి. అవతలి గట్టున ఒక కొబ్బరిచెట్టుకి సరిగ్గా ఎదురుగా రాయి పెట్టాం. గట్టు వెంట 20 అడుగులు వేసి కర్ర పాతాం. మరో 20 వేసి ఆగాం. అక్కడ కాలవకి వీపు పెట్టి, లంబంగా చేలోకి దిగి నడవాలి. (లంబానికి పన్నెండు సమభాగాల తాడు చాలు. 3, 4, 5 భాగాలుగా మడిచి బిగిస్తే మూడు, నాలుగు కలిసే మూల లంబకోణం.) నడుస్తూ నడుస్తూ వెనక్కి చూస్తూ వుండాలి. కర్రా, చెట్టూ ఒకే వరసలోకి వచ్చిన చోట ఆగితే, చేలో నడిచిన దూరమే కాలవ వెడల్పు.

"ఎందుకూ?" అన్నాను.

కర్రపుల్లతో మట్టిలో గీశాడు. రెండు త్రిభుజాలు. 20 అడుగుల భుజాలు సమానం. లంబకోణాలు సమానం. కర్ర దగ్గర శీర్షాభిముఖ కోణాలు సమానం. కనక త్రిభుజాలు సర్వసమానం.

తిరిగి వస్తూంటే దారిలో హఠాత్తుగా ఆగిపోయాడు. "బాబాయ్, నా అడుగులన్నీ ఒక్కలాగే పడ్డాయంటావా?"

ఇంటికి రాగానే వదిన కుట్టుమిషను సొరుగులోంచి టేపు తీసుకుని, వసారాలో అడుగులు కొలుచుకుంటూ కూచున్నాడు. భోజనానికి మూడుసార్లు పిలవాల్సి వచ్చింది.