వెండితెర మీద మన సంస్కృతి... మార్కులు వేయాల్సింది మనమే!

శ్రీరామనవమి నాడు మన ఇళ్ళలో పని ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? తెల్లవారకుండానే తలస్నానాలు, పానకంలోకి బెల్లం తరగడం, మిరియాలు, యాలకులు దంచడం, వడపప్పు నానబెట్టడం... ఇవన్నీ ముగించుకుని భద్రాచలం కల్యాణం చూద్దామని టీవీ ముందు చేరతాం. మన అమ్మలూ, అత్తగార్లూ అయితే రేడియోలో ఉషశ్రీ గారి వ్యాఖ్యానం వింటూనే కల్యాణం కళ్ళారా చూసినంత సంబరపడేవారు. కల్యాణం అయ్యాక భోజనాలు. ఆ తర్వాత ఏదో ఒక ఛానల్లో ‘శ్రీరామదాసు’ సినిమా!

కంచర్ల గోపన్న కథ మనకి తెలిసిందే. ఖమ్మం దగ్గర నేలకొండపల్లిలో పుట్టాడు. పాల్వంచ పరగణాకి తహసీల్దారు అయ్యాడు. వసూలైన పన్ను డబ్బుతో రాముడికి గుడి కట్టించి గోల్కొండ చెరసాల పాలయ్యాడు. ఇంతవరకూ పిల్లల్ని అడిగినా చెప్పేస్తారు. మరి పోకల దమ్మక్క ఎవరు అని అడిగి చూడండి. సగం ఇళ్ళలో పెద్దవాళ్ళు కూడా కాస్త ఆలోచిస్తారు.

గోపన్న రాకముందే ఆ కొండ మీద పుట్టలో ఉన్న రాముణ్ణి కనుక్కున్నది దమ్మక్క అని స్థలపురాణం. భద్రిరెడ్డిపాలెంలో ఉండే ఒక అడవి బిడ్డ. కలలో స్వామి కనిపిస్తే వెతుక్కుంటూ వెళ్ళి, పుట్ట కరిగించి, పైన ఒక పందిరి వేసి, అడవిలో దొరికిన పండే నైవేద్యం పెట్టిందట. అంటే భద్రాద్రి రాముడికి మొదటి గుడి రాతిది కాదు, ఒక ఆడమనిషి వేసిన ఆకుల పందిరి! 2006లో వచ్చిన ‘శ్రీరామదాసు’లో దమ్మక్క ఉంది. కాకపోతే కథ గోపన్నది కాబట్టి ఆమె కాసేపు కనిపించి తప్పుకుంటుంది. ఆ సినిమాకి నాగార్జునకి ఉత్తమ నటుడిగా నంది వచ్చింది. రావలసిందే, కాదనం. కానీ మన సంస్కృతిని చూపించిన సినిమా అని మెచ్చుకునేటప్పుడు, అందులో దమ్మక్కకి ఎంత చోటు దక్కిందని ఎవరైనా అడుగుతున్నారా?

సంస్కృతికి ఒక బహుమతి

సంస్కృతి కోసం ప్రత్యేకంగా బహుమతి ఇచ్చే దేశాలు ఉన్నాయి. ఫిలిప్పీన్స్ సంగతే చూడండి. వాళ్ళ రాజధాని మనీలాలో 1966లో ఆంటోనియో విల్లేగాస్ అనే మేయరు ఒక పని చేశారు. పెద్ద థియేటర్లన్నీ హాలీవుడ్ బొమ్మలతో నిండిపోయి స్వదేశీ సినిమాకి చోటు దొరకని రోజుల్లో, కొన్నాళ్ళపాటు ఆ థియేటర్లలో సొంత సినిమాలే ఆడాలని ఉత్సవం పెట్టారు. ఆ దారిలోనే 1975లో మెట్రో మనీలా ఫిల్మ్ ఫెస్టివల్ మొదలైంది. ఇప్పుడు అక్కడ క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాటేదాకా థియేటర్లలో వాళ్ళ సినిమాలదే రాజ్యం. తమ సంస్కృతిని చక్కగా చూపించిన సినిమాకి ఆ విల్లేగాస్ పేరిటే ఒక ప్రత్యేక పురస్కారం కూడా ఉంది.

మనకీ లేకపోలేదు. 1964 నుంచి నంది అవార్డులు ఉండేవి. లేపాక్షి బసవన్న గుర్తుగా పెట్టిన పేరది. ఇంటిల్లిపాదీ కూర్చుని చూడదగిన సినిమాకి అక్కినేని పేరిట ఒక నంది ఉండేది గుర్తుందా? రాష్ట్రం రెండయ్యాక 2014, 15, 16 సంవత్సరాల నందులను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2017లో ప్రకటించింది. తెలంగాణ ప్రభుత్వం ప్రజా గాయకుడు గద్దర్ పేరిట అవార్డులు పెట్టి, 2025 జూన్ 14న హైదరాబాదులో మొదటిసారి అందజేసింది. చరిత్ర, వారసత్వం చూపే సినిమాలకి అందులో విడిగా ఒక విభాగం ఉంది.

బాగానే ఉంది. అయితే ‘మన సంస్కృతి’ అన్నప్పుడు ఆ ‘మన’లో ఎవరెవరు ఉన్నారన్నదే అసలు ప్రశ్న. ఇది ఖమ్మం దాటి భద్రాచలం అడవి అంచుకి వెళితే బాగా అర్థమవుతుంది.

లాంచీ మీంచి చూస్తే...

భద్రాచలం దారి మన సినిమావాళ్ళకి ఎప్పుడూ ముద్దే. 1973లో బాపు, రమణలు ‘అందాల రాముడు’ తీసి రాజమండ్రి నుంచి భద్రాచలం దాకా మనల్ని లాంచీలో తిప్పారు. 2006లో శేఖర్ కమ్ముల ‘గోదావరి’తో అదే దారిలో మళ్ళీ తీసుకెళ్ళారు. పాపికొండలు, ఇసుక తిన్నెలు, లాంచీలో వంటలు, అలకలు, పెళ్ళి మాటలు... ఎన్నిసార్లు చూసినా విసుగు రాదు. ‘గోదావరి’కి నంది పురస్కారాలు కూడా అందాయి.

కానీ ఒక్కసారి లాంచీ దిగి ఒడ్డున నిలబడి ఆలోచించండి. ఆ కొండల మధ్య కోయలూ, కొండరెడ్లూ ఉంటారు. ఇప్పపువ్వు ఏరుకునే ఆడవాళ్ళు, రేల పాటలు పాడుకునే పిల్లలు, కొమ్ములు ధరించి ఆడే కోయ నృత్యం, ముత్యాలమ్మకి మొక్కులు, రెండేళ్ళకోసారి మేడారం ప్రయాణం... ఇదంతా కూడా ఆ గోదావరి ఒడ్డు బతుకే కదా! లాంచీ మీంచి చూసే కెమెరాకి వాళ్ళు దూరంగా, చిన్నగా కనిపిస్తారు. పోలవరం ప్రాజెక్టు కారణంగా 2014లో ఖమ్మం జిల్లాలోని ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. అక్కడి ఊళ్ళు ఖాళీ చేసి కొత్త కాలనీలకి వెళ్ళిన తల్లులు ఎందరో! రేపు వాళ్ళ మనవలు “మన ఊరు ఎట్లా ఉండేదమ్మమ్మా?” అని అడిగితే చూపించడానికి ఒక్క మంచి సినిమా అయినా ఉండాలా, వద్దా?

కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారి పేరు విన్నారా? మణుగూరు ప్రాంతం ఆయనది. డోలి వాయిస్తూ సమ్మక్క, సారలమ్మల చరిత్ర పాడేవారు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో కన్నుమూశారు. అలాంటి గొంతు ఒకటి పోతే ఆ వెనక ఉన్న కథలు కూడా పోయినట్టే. సినిమాలో ఒక పాత్రగా మిగిలినా కొంత ధైర్యం.

అవార్డు వచ్చింది, బొమ్మ రాలేదు!

అవార్డు ఒక్కటే చాలదనడానికి పక్క అడవిలోనే ఒక ఉదాహరణ ఉంది. ఆదిలాబాదు గోండు వీరుడు కొమరం భీమ్ మీద అల్లాణి శ్రీధర్ 1990లో సినిమా తీశారు. నంది పురస్కారాలు వచ్చాయి. తీరా చూస్తే థియేటర్లలోకి రావడానికి 2010 దాకా పట్టింది. ఇరవై ఏళ్ళు! అప్పుడు పుట్టిన పిల్లలు డిగ్రీ చదువుకొచ్చేశారు. ఆ తర్వాత 2022లో వచ్చిన ‘ఆర్ఆర్ఆర్’లో భీమ్ పేరుతో కల్పిత కథ చూశాం. అందులోని ‘నాటు నాటు’ పాటకి 2023లో ఆస్కార్ వస్తే మనమంతా గర్వపడ్డాం. గర్వపడదాం. కానీ మీ పిల్లలకి అసలు భీమ్ ఎవరో, నైజాం మీద ఎందుకు పోరాడాడో, 1940లో జోడేఘాట్‌లో ఏం జరిగిందో ఎవరు చెప్పాలి? మనమే.

దీనికి పూర్తిగా ఎదురు కథ ‘బలగం’ది. 2023లో వేణు ఎల్దండి తీసిన చిన్న సినిమా. చావు ఇంట్లో మూడో రోజు, ఐదో రోజు, పదకొండో రోజు ఏం చేస్తారు, కాకి ముట్టకపోతే ఇల్లంతా ఎందుకు బెంగపడుతుంది... ఇదే కథ. ఇలాంటి కథకి జనం వస్తారని ఎవరనుకుంటారు? ఊళ్ళలో తెరలు కట్టుకుని మరీ రాత్రిళ్ళు చూశారు. మాటల్లేని అన్నాచెల్లెళ్ళు గుర్తొచ్చి ఆడా మగా ఏడ్చారు. అవార్డులు ఆ వెనకే వచ్చాయి. గద్దర్ అవార్డుల్లో 2023 సంవత్సరానికి ఉత్తమ చిత్రమైంది. పాట రాసిన కాసర్ల శ్యామ్‌కి జాతీయ అవార్డు దక్కింది. అంటే ముందు చూసినవాళ్ళు గెలిపించారు, తర్వాత జ్యూరీ ఒప్పుకుంది!

సంస్కృతి ఎక్కడుంటుంది?

పెద్ద సెట్టింగుల్లో కాదు, చిన్న చిన్న వివరాల్లో ఉంటుంది. బి. నర్సింగరావు 1988లో తీసిన ‘దాసి’కి ఐదు జాతీయ అవార్డులు వచ్చాయి. అర్చన ఉత్తమ నటి. దుస్తులకీ, కళా దర్శకత్వానికీ కూడా బహుమతులు. గడీలో దాసి కట్టిన చీర, నడిచిన వాకిలి, మోసిన కుండ కూడా ఆ కథ చెప్పాయన్నమాట.

భద్రాచలం తలంబ్రాలే తీసుకోండి. మన పెళ్ళిళ్ళలో తలంబ్రాలు పసుపుపచ్చగా ఉంటాయి. అక్కడ బుక్కా, గులాలు కలుపుతారు కాబట్టి గులాబీ రంగులో మెరుస్తాయి. ఆ అలవాటుకి తానీషా కాలం పేరు చెబుతారు. ఫాల్గుణ పౌర్ణమి నాడే కలపడం మొదలవుతుంది. వడ్లను రోకలి తగలకుండా గోళ్ళతో ఒలిచి పంపే భక్తురాళ్ళు గోదావరి జిల్లాల్లో ఎందరో ఉన్నారు. తెర మీద దోసిలి నుంచి జారే ఆ క్షణం వెనక ఎన్ని రోజుల ఆడవాళ్ళ పని ఉందో చూడండి! ఆ చేతుల్ని కూడా చూపించిన సినిమాకి కదా సంస్కృతి అవార్డు ఇవ్వాలి!

ఇంట్లోనే జ్యూరీ

అందుకే ఒక మాట చెబుతాను, నవ్వుకోకండి. ఈసారి ‘మన సంస్కృతి’ అని పేరు పడ్డ సినిమా చూసినప్పుడు పిల్లల చేతికి కాగితం, పెన్సిలు ఇవ్వండి. ఐదు ప్రశ్నలు, ఒక్కోదానికి ఇరవై మార్కులు.

1. పండుగని చూపించారా? పండుగ వెనక పనిని, పనిచేసే వాళ్ళని కూడా చూపించారా?

2. కట్టు, బొట్టు, వంట, ఇల్లు ఆ ఊరివేనా? లేక అన్ని ఊళ్ళకీ ఒకే సెట్టింగా?

3. ఆ ప్రాంతం మాట హీరో హీరోయిన్ల నోట వినిపించిందా? లేక పనివాళ్ళకీ, రౌడీలకీ, కామెడీకీ మాత్రమే వాడారా?

4. ఆడవాళ్ళకి పేరు, సొంత నిర్ణయం ఉన్నాయా? లేక హారతి పళ్ళెం పట్టుకుని నిలబడ్డారా?

5. ఆ ఊరివాళ్ళే మన పక్కన కూర్చుని చూస్తే తలెత్తుకుంటారా, తల దించుకుంటారా?

ఐదో ప్రశ్న దగ్గర పిల్లలు తప్పకుండా తగువు పడతారు. పడనివ్వండి. అడవి మనుషులంటే ఒంటికి రంగు పూసి “హుయ్ హుయ్” అని గెంతించే పాత సినిమా పాట టీవీలో వచ్చినప్పుడు, “అమ్మా, దీనికి సున్నా” అని పిల్లాడు తనంతట తనే అన్నాడంటే మీ జ్యూరీ పని చేసినట్టే.

నూటికి ఎనభై దాటిన సినిమా చిన్నదైనా సరే, పక్కింటావిడకి చెప్పండి. థియేటర్లో ఉంటే మొదటి వారంలోనే వెళ్ళండి. చిన్న సినిమాకి రెండో వారం ఉంటుందో ఉండదో! మన జాతీయ అవార్డుల్లో రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో లేని భాషల సినిమాలకి కూడా చోటుంది. కోయ భాష ఆ షెడ్యూలులో లేదు. రేపు ఒక కోయ అమ్మాయి తన భాషలో దమ్మక్క కథ తీస్తే ఆ తలుపు తెరిచే ఉంది. తీసిన బొమ్మ ఇరవై ఏళ్ళు డబ్బాలో పడి ఉండకుండా చూడాల్సింది మాత్రం టిక్కెట్టు కొనే మనమే.

అందాకా ఒక చిన్న పని. వచ్చే నవమికి పానకం గ్లాసులు చేతికిచ్చి, సినిమా మొదలయ్యే లోపల పిల్లలకి దమ్మక్క పందిరి సంగతి చెప్పండి. ఆమె తెర మీదకి రాగానే “అదుగో దమ్మక్క!” అని పిల్లలే అరుస్తారు. చెప్పి చూడండి మరి!