రింగ్ అని కొడితేనే లేస్తుంది

పాత బులెటిన్ బోర్డు సాఫ్ట్‌వేర్‌కు కంప్యూటర్ గురించి కన్నా టెలిఫోన్ గురించే ఎక్కువ తెలుసు. దాన్ని నడిపి చూస్తే గాని ఈ సంగతి తలకెక్కదు. మదనపల్లెలో ఒక మిత్రుడి ఇంటి అటక మీంచి దింపిన 486 కంప్యూటర్‌లో డాస్ కాలంనాటి బోర్డు ఒకటి ఎక్కించాం. వెనక ఉన్న సీరియల్ పోర్టు నుంచి లాప్‌టాప్‌కు తీగ కలిపాం. తెర మీద ‘కాలర్ కోసం నిరీక్షణ’ అన్న అర్థం వచ్చే ఇంగ్లిషు మాట వెలిగింది. ఇక అంతే. ఇటునుంచి ఎన్ని మీటలు నొక్కినా ఉలుకూ లేదు, పలుకూ లేదు.

తీగ బాగానే ఉంది. ఫోన్ మోగలేదు కాబట్టి బోర్డు లేవలేదు. అది పుట్టిందే అలా.

1978 జనవరిలో షికాగోను మంచు తుపాను ముంచెత్తింది. ఐ.బి.ఎం.లో పనిచేసే వార్డ్ క్రిస్టెన్సెన్ ఇల్లు కదల్లేక, తన కంప్యూటర్ క్లబ్బు మిత్రుడు రాండీ స్యూస్‌కు ఫోన్ చేశాడు. క్లబ్బు గోడ మీద పిన్నులు గుచ్చి చీటీలు అంటించే బోర్డు పనిని కంప్యూటర్ చేత చేయిస్తే ఎలా ఉంటుందన్నది ఆలోచన. ప్రోగ్రామ్ వార్డ్ రాశాడు, యంత్రం రాండీ కట్టాడు. ఫిబ్రవరి 16న సి.బి.బి.ఎస్. అనే ఆ బోర్డు మొదలైంది. యంత్రాన్ని నగరంలో ఉన్న రాండీ ఇంట్లోనే పెట్టారు. అక్కడికైతే షికాగో వాళ్లందరికీ లోకల్ కాలే. నాకు అన్నిటికన్నా నచ్చేది రాండీ పెట్టిన ఒక ఏర్పాటు. ఫోన్ మోగితే చాలు, కంప్యూటర్ మొదటి నుంచి స్టార్టయి ప్రోగ్రామ్‌ను తనంతట తనే ఎక్కించుకునేది. అంటే ఆ బోర్డుకు ప్రాణం పోసే మీట టెలిఫోన్ గంటే. లైను ఒక్కటే కాబట్టి ఒకరు మాట్లాడుతుంటే మిగతా ఊరంతా ఎంగేజ్ టోన్ వినాల్సిందే. ఆ తర్వాతి బోర్డుల్లో మనిషికింత టైమని గడువు పెట్టడం, గడువు ముగుస్తుంటే హెచ్చరించడం, ఏమీ టైపు చేయకుండా కూర్చున్నవాణ్ణి బయటికి పంపేయడం, ఇవన్నీ ఆ ఒంటి లైను నేర్పిన మర్యాదలే.

మరి తీగ సంగతి? సీరియల్ తీగలో బిట్లు ఒకదాని వెనక ఒకటి వెళ్తాయి. ఒకటి అంటే మైనస్ 3 నుంచి మైనస్ 15 వోల్టుల లోపు, సున్నా అంటే ప్లస్ 3 నుంచి ప్లస్ 15 లోపు. ఖాళీగా ఉన్న లైను మీద మల్టీమీటర్ పెడితే మైనస్ చూపిస్తుంది, చూడటానికి వింతగా ఉంటుంది. 1969 నాటి ఆర్.ఎస్.-232-సి ప్రమాణం ప్రకారం తీగ పొడవు దాదాపు 15 మీటర్లు దాటకూడదు. మదనపల్లె నుంచి హార్స్లీ హిల్స్ ముప్పై కిలోమీటర్లు. అంత దూరం పోవాలంటే వోల్టులను ఈలలుగా మార్చి ఫోన్ లైనులోకి ఊదాలి, ఆ పని మోడెమ్‌ది. 300 బాడ్ కాలంలో కాల్ చేసినవాడి మోడెమ్ ఒకటికి 1270 హెర్ట్జ్, సున్నాకు 1070 హెర్ట్జ్ ఈల వేసేది.

1981లో హేస్ కంపెనీ స్మార్ట్‌మోడెమ్ తెచ్చింది. నంబరు తిప్పమనే ఆజ్ఞలు, అవతలికి పోవాల్సిన అక్షరాలు, రెండూ ఒకే తీగలో పోయేవి. ఆజ్ఞ అయితే ముందు ‘ఏ.టి.’ అని ఉండాలి. మా 486లోని బోర్డుకు వచ్చిన భాష అదొక్కటే.

కాబట్టి మోడెమ్ వేషం మేమే వేశాం. బోర్డు మొదలవగానే లాప్‌టాప్ తెర మీదికి ‘ఏ.టి.జడ్.’ అని పంపింది. బదులుగా ‘ఓకే’ అని కొట్టాం. తర్వాత ‘రింగ్’ అని టైపు చేసి ఎంటర్ నొక్కగానే ‘ఏ.టి.ఏ.’ అని జవాబు వచ్చింది, అంటే ఫోన్ ఎత్తమని మోడెమ్‌కు చెబుతోందన్నమాట. ‘కనెక్ట్ 2400’ అని కొట్టాం. ఒక్క క్షణం ఆగి మళ్లీ మూగబోయింది. లైను ఉందని నోటితో చెబితే చాలదు, క్యారియర్ డిటెక్ట్ పిన్ను మీద వోల్టేజీ కూడా కనబడాలి. తొమ్మిది పిన్నుల కనెక్టర్లో అది ఒకటో పిన్ను. బజారులో దొరికే చవక తీగల్లో చాలావాటికి రెండు, మూడు, అయిదు పిన్నులే కలిపి ఉంటాయి. ఇటువైపు నాలుగో పిన్నును అటువైపు ఒకటికీ ఆరుకీ కలిపి టంకం వేస్తే గాని బోర్డు నమ్మలేదు. నమ్మాక మాత్రం పేరు అడిగింది, పాస్‌వర్డ్ అడిగింది, మెనూ పరిచింది.

వేగం సెకనుకు 2400 బిట్ల దగ్గరే ఉంచాం. సెకనుకు 240 అక్షరాలు. 80 అక్షరాల వరుసలు 24 నిండటానికి 8 సెకన్లు. అదే 300 దగ్గరైతే నిమిషం దాటుతుంది. ఇప్పుడు చిరాకనిపించే ఆ నెమ్మదిలోనే చదువుకుంటూ పోవడానికి వీలుండేది.

మన వైపు ఈ బోర్డుల కథ బెంగళూరులో మొదలవుతుంది. 1989లో అతుల్ చిట్నిస్ అక్కడ సిక్స్ అనే బోర్డు పెట్టాడు, దేశంలో తొలి బోర్డుల్లో అదొకటి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వాళ్లకు బెంగళూరు దగ్గరే, బస్సుకైతే. ఫోనుకు మాత్రం ఎస్.టి.డి. పడేది. రాత్రి పదకొండు దాటాక పావు రేటు ఉండేది గానీ, ఎస్.టి.డి. బూత్‌లో నిలబడి మోడెమ్ తగిలించలేం కదా. ఇంటికి ఫోన్ కనెక్షన్ రావడమే ఏళ్ల మాట. పైగా 1990ల నడుమ టెలికాం శాఖ బులెటిన్ బోర్డు నడపాలంటే ఏడాదికి 15 లక్షల లైసెన్సు ఫీజు అంది. సొంత గదిలో, సొంత కంప్యూటర్‌తో, సరదాకి నడుపుకునేవాడి మీద ఆ ఫీజు! 1995 ఆగస్టు 15న వి.ఎస్.ఎన్.ఎల్. ఇంటర్నెట్ తెరిచాక బోర్డుల్ని అడిగే నాథుడే లేకపోయాడు.

బోర్డు పలికాక సహజంగానే తెలుగులో రాయాలనిపించింది. డాస్ రోజుల్లో తెలుగుకు ఇస్కీ కోడు ఉండేది, తెర మీద అక్షరాలు చూపడానికి జిస్ట్ కార్డు ఉండేది. ఇస్కీ తెలుగు అక్షరాలన్నీ ఎనిమిదో బిట్ ఒకటిగా ఉన్నవే. లైను ఏడు బిట్లకు పెట్టి ఉంటే ఆ ఎనిమిదోది రాలిపోతుంది. అప్పుడు ‘క’ కాస్తా 3 అంకె అవుతుంది. ‘మదన’ అని పంపితే ఎల్, డి, ఎఫ్ అని దిగుతుంది, కేరళ ఎన్నికల వార్తలాగా. అమెరికాలో రైస్ యూనివర్సిటీలోని తెలుగువాళ్లు ఆర్.టి.ఎస్. పద్ధతి కట్టి, ఇంగ్లిషు చిన్నబడి పెద్దబడి అక్షరాలతోనే తెలుగు రాసుకున్నారు. అది ఏడు బిట్లలోనూ చెక్కుచెదరకుండా పోతుంది.

మేం ఎనిమిది బిట్లు పెట్టి, లాప్‌టాప్ నుంచి నేరుగా యూనికోడ్ తెలుగు పంపాం. ఒక్కో అక్షరానికి, ఒక్కో గుణింతపు గుర్తుకు మూడేసి బైట్లు. 486 తెర మీద ‘క’ బదులు గ్రీకు ఆల్ఫా, దాని పక్కన చుక్కల గడి, ఆ పక్కన నెత్తిన గీత ఉన్న ‘ఓ’ వచ్చాయి. కానీ బోర్డు ఆ బైట్లను ఉన్నవి ఉన్నట్టు దాచుకుంది. అదే సందేశాన్ని లాప్‌టాప్ నుంచి తెరిస్తే శుభ్రమైన తెలుగు. ఇబ్బందల్లా పొడుగు మాటలతోనే. బైటును ఒక గడిగా లెక్కపెట్టే బోర్డుకు ఇరవై ఆరు గుర్తులు దాటేసరికి 80 గడుల వరుస నిండిపోతుంది. మధ్యలో ఖాళీ దొరకకపోతే మూడు బైట్ల అక్షరాన్ని నడుమకు కోసి రెండో వరుసలో పడేస్తుంది. అందుకని మాటల మధ్య ఎడం ఇస్తూ, పొట్టి వరుసలుగా రాస్తున్నాం.