మిరపచేను – గాజుతీగ

గుంటూరు సీమ రైతులకు ఒక అనుభవము కలదు. ఒక యేడు మిరపకు మంచి ధర పలికినచో మరుసటి యేడు ఊరూరా మిరపయే నాటుదురు. పంట చేతికివచ్చునప్పటికి యార్డులో బస్తాలు కొండలుగా పెరుగును. ధర నేలకు దిగును. అప్పుడు మిరపను తిట్టుకొని మూడవ యేట మరియొక పైరు వేయుదురు. ఆ యేడు మిరపకు మరల ధర వచ్చును. దోషము మిరపది కాదు. నాటునాటి ధరయే అమ్మునాటికిని నిలుచునని నమ్ముటలో ఉన్నది.

చదువుల సంగతియు ఇట్టిదే. మిరపకు నడుమ కొన్ని నెలలే, ఇంజనీరుకు నాలుగేండ్లు. అమెరికా ఆర్థికశాస్త్రజ్ఞుడు రిచర్డ్ ఫ్రీమన్ 1976లోనే ఈ విషయమును లెక్కలతో చూపెను. జీతములు హెచ్చిన యేట విద్యార్థులు ఇంజనీరింగున విరివిగా చేరుదురు. వారందరు ఒక్కమారు బయటికి వచ్చునప్పటికి జీతములు తగ్గును. అది చూచి చేరువారు తగ్గుదురు. మరల కొరత పుట్టును. ఈ చక్రమునకు తోడు గిరాకియే కూలినచో ఏమగునో కంప్యూటరు నెట్‌వర్కు ఇంజనీర్లు 2001లో చూచిరి.

కంప్యూటర్లు ఒకదానితో నొకటి సంభాషించుటకు దారులు వేయువాడు నెట్‌వర్కు ఇంజనీరు. మనము పంపిన సందేశము చిన్న చిన్న పొట్లములుగా విడిపోవును. ప్రతి పొట్లము మీదను చిరునామా ఉండును. రౌటరు అను యంత్రము, రైలు తపాలాలో ఉత్తరములు వేరుచేయు గుమాస్తా వలె, ఆ చిరునామా చూచి పొట్లమును తరువాతి మజిలీకి పంపును. ఈ యంత్రములను అమర్చుట, తెగిన దారిని కనుగొని సరిచేయుట ఇతని వృత్తి.

ఇంటర్నెట్టు రాకపోకలు ప్రతి 100 దినములకు రెండింతలగుచున్నవను మాట 1998లో అమెరికా వాణిజ్యశాఖ నివేదికలోనికి సైతము ఎక్కినది. అనగా ఏడాదికి పండ్రెండు రెట్లకు పైమాట! నిజమునకు అవి ఏడాదికి సుమారు రెండింతలు మాత్రమే అగుచున్నవని గణితజ్ఞుడు ఆండ్రూ ఒడ్లిజ్కో చూపెను. విన్నవారు కొందరే. కంపెనీలు అప్పులు తెచ్చి నేలక్రిందను, సముద్రము అడుగునను గాజుతీగలు పరచినవి. ఇంతలో ఒక్క తీగలోనే పలు రంగుల కాంతులను పంపు విద్య వృద్ధియై, ఉన్న తీగల శక్తియే అనేక రెట్లు పెరిగినది. రౌటర్లు చేయు సిస్కో 2000 మార్చిలో ప్రపంచమున అత్యధిక విలువగల కంపెనీగా నిలిచెను. ఏటా ఇచ్చు హెచ్-1బి వీసాల పరిమితిని అమెరికా 1,95,000కు పెంచెను. ఇచట 1998లో హైటెక్ సిటీ వెలసినది. అమీర్‌పేట గోడలు శిక్షణకేంద్రముల ప్రకటనలతో నిండినవి.

ఆ పిమ్మట పతనము. 2000 మార్చి 10న 5,048 వద్దనున్న నాస్‌డాక్ సూచి, 2002 అక్టోబరు 9న 1,114కు దిగజారెను. 2001లో సిస్కో సుమారు 8,500 మందిని తొలగింప నిశ్చయించి, అమ్ముడుపోని సరకు క్రింద రెండువందల కోట్ల డాలర్లకు మించి నష్టము వ్రాసికొనెను. 2002 జూలైలో వరల్డ్‌కామ్ దివాలా తీసెను. 1998లో ధర చూచి చేరిన విద్యార్థి 2002లో పట్టా చేతబట్టుకొని వచ్చునప్పటికి యార్డు మూసియున్నది.

నేను ఉద్యోగమున చేరిన తొలి దినములలో ఇంటర్మీడియెట్టున నావద్ద తెలుగు చదివిన ఒక బాలుడు అట్లు అమెరికా వెళ్లెను. తండ్రి ఎకరము పొలము అమ్మి పంపెను. 2001 చివర కొలువు పోయెను. పనిపోయినవారికి గడువిచ్చు నియమము ఆనాడు లేదు. 60 దినముల గడువు 2017లో గాని రాలేదు. పెట్టె సర్దుకొని ఇల్లు చేరెను. కుదిరిన పెండ్లిసంబంధము తప్పిపోయెను. "సెలవుకు వచ్చినావా, బాబూ?" అని అడుగువారికి జడిసి వీధిలోనికి పోవుట మానివేసెను.

ఒక సాయంకాలము మా ఇంటికి వచ్చి చాలసేపు మౌనముగా కూర్చుండెను. పిదప, "మాస్టారూ, యంత్రానికి ఏ ఆజ్ఞ ఇవ్వాలో నేర్చుకున్నాను. ఎందుకు ఇవ్వాలో నేర్చుకోలేదు. ఆ యంత్రం కొనేవాడు లేకపోయేసరికి నా చదువు కూడా పోయింది" అనెను. నావద్ద ఓదార్పుమాట లేకపోయెను. వ్యాకరణము రాక పది వాక్యములు కంఠస్థము చేసిన విద్యార్థి పదునొకండవ వాక్యము వద్ద ఆగిపోవుట నేను దినదినము చూచుచుండునదే.

అతడు పట్టణమున ఒక ఇంజనీరింగు కళాశాలలో చిన్న జీతమునకు పాఠము చెప్పుటకు కుదిరెను. చెప్పవలసివచ్చుటచే మొదటినుండి చదివెను. పొట్లములు నడచు నియమములు 1983 జనవరి 1న ఆర్పానెట్టులో అమలునకు వచ్చినవి. యంత్రములు ఎన్నియో మారినను ఆ నియమముల మూలము నేటికిని నిలిచియున్నది. అదియే ఆ విద్యకు వ్యాకరణము. మూడేండ్లకు అతనికి హైదరాబాదులో మరల నెట్‌వర్కు పనియే దొరికెను. విచిత్రమేమనగా, ఆ పని సముద్రము ఆవలినుండి ఇచటికి వచ్చుటకు ఒక కారణము నాడు వృథాగా పడియున్న గాజుతీగలే. వాని వెల పడిపోవుటచే దూరదేశములతో మాటలాడు ఖర్చు తగ్గినది. అతని కొలువు తీసిన తీగయే అతనికి అన్నము పెట్టినది.

ఇది గతించిన గాథ యనుకొనరాదు. 2024 ఫిబ్రవరిలో తన సిబ్బందిలో నూటికి 5 వంతులను, ఆగస్టులో 7 వంతులను తగ్గింతునని సిస్కో ప్రకటించెను. వేసవి వచ్చినచో తలిదండ్రులు నన్ను, "మాస్టారూ, ఇప్పుడు దేనికి గిరాకి ఉంది?" అని అడుగుదురు. ఆ ప్రశ్నకు సరియైన జవాబు చెప్పినను అది నేటి ధరయే గాని నాలుగేండ్ల తరువాతి ధర కాదు. ఉపాధ్యాయ మిత్రులు ఈ సంగతిని వారికి నచ్చజెప్పవలెను. విద్యార్థులారా! ఏ శాఖలోనైన చేరుడు. చేరిన శాఖలో ఏది మారునది, ఏది నిలుచునది అని మీ గురువులను తొలివారములోనే అడుగుడు. నిలుచుదానిని ముందు నేర్చుకొనుడు.

మొన్న సంక్రాంతికి ఆ శిష్యుడు కుమారునితో వచ్చెను. కుర్రవాడు ఇంజనీరింగు రెండవ యేడు. "ఏమి చదువుచున్నావు?" అని నేను అడుగునంతలో తండ్రియే, "ఎందుకో చదువుతున్నాడు, మాస్టారూ" అని నవ్వెను. ఆ 'ఎందుకో' అను మాటలోని శ్లేషను పిల్లవాడు గ్రహింపలేదు. మేమిరువురము గ్రహించితిమి.