స్విమ్మింగ్ పూల్‌లో మొండి మరకలా? క్లోరిన్ వేసే ముందు ఈ చిన్న టెస్ట్ చేయండి!

హైదరాబాద్ చుట్టుపక్కల విల్లాలు, ఫామ్‌హౌస్‌లలో సొంత స్విమ్మింగ్ పూల్ ఇప్పుడు కొత్తేమీ కాదు. చాలా చోట్ల వాటిని నింపేది బోరు నీళ్లతోనే. నీళ్లు తళతళలాడుతున్నా అడుగున, గోడలపై గోధుమ రంగు మచ్చలు కనిపిస్తే చాలామంది వెంటనే క్లోరిన్ డోసు పెంచేస్తారు. కొన్ని రకాల మరకలు దీంతో పోకపోగా ఇంకా ముదురుతాయి. అందుకే ముందు మరక ఏ రకమో తెలుసుకోవాలి.

మరకలు ఎందుకు వస్తాయి?

బోరు నీళ్లలో కరిగిన ఇనుము కంటికి కనిపించదు. క్లోరిన్ తగలగానే అది తుప్పుగా మారి టైల్స్‌కు, గ్రౌట్‌కు పట్టేస్తుంది. మాంగనీస్ ఉంటే నలుపు లేదా ఊదా మరకలు వస్తాయి. నీలం, ఆకుపచ్చ ఛాయ ఉంటే రాగిని అనుమానించాలి. రాగి కలిసిన నాచు మందులు దీనికి ఒక కారణం. ఇక రాలిన ఆకులు, పూలు, నాచుతోనూ గోధుమ, ఆకుపచ్చ మరకలు పడతాయి. గరుకైన తెల్లటి పొర ఉంటే అది కఠిన జలం వదిలిన సున్నం.

ఇలా గుర్తుపట్టండి

మెడికల్ షాపులో దొరికే విటమిన్ సి టాబ్లెట్‌తో మరకపై ఒక నిమిషం రుద్దండి. రంగు లేని టాబ్లెట్ అయితే మంచిది. మరక తేలికపడితే అది లోహపు మరకే. మార్పు లేకపోతే అక్కడే కాస్త క్లోరిన్ తగిలించి చూడండి. అప్పుడు పలచబడితే ఆకులు, నాచు మరక అని అర్థం. వినైల్ లైనర్, ఫైబర్ గ్లాస్ పూల్స్‌లో మాత్రం క్లోరిన్ నేరుగా తగిలించొద్దు, రంగు వెలిసిపోతుంది.

ఎలా తొలగించాలి?

ఆకులు, నాచు మరకలైతే పని సులువే. క్లోరిన్ డోసు పెంచి, బ్రష్‌తో రుద్ది, ఫిల్టర్ నడిపితే చాలు. సున్నం పొరను ప్యూమిస్ రాయితో మెల్లగా గీకొచ్చు. టైల్స్‌పై గీతలు పడకుండా ముందు ఒక మూల ప్రయత్నించండి.

లోహపు మరకలకు మందు ఆస్కార్బిక్ యాసిడ్, అంటే విటమిన్ సి పొడి. నీటిలో క్లోరిన్ దాదాపు సున్నాకు తగ్గాకే దీన్ని వేయాలి. లేదంటే క్లోరిన్‌తోనే ఖర్చయిపోతుంది. సుమారు 40,000 లీటర్ల నీటికి అర కిలో వరకు పడుతుంది. మరక వదిలాక లోహం నీటిలోనే ఉంటుంది. అది మళ్లీ గోడకు పట్టకుండా సీక్వెస్ట్రెంట్ అనే ద్రావణం కలపాలి. పీహెచ్ సరిచూసుకుని, క్లోరిన్‌ను కొన్ని రోజులపాటు కొద్దికొద్దిగా పెంచాలి. అది మామూలు స్థాయికి వచ్చేవరకు పిల్లలతో సహా ఎవరినీ పూల్‌లోకి దిగనివ్వొద్దు.

ఈ తప్పులు చేయొద్దు

* క్లోరిన్‌ను, యాసిడ్‌ను ఎప్పుడూ కలపొద్దు. విషవాయువు వెలువడుతుంది.
* యాసిడ్‌ను నీళ్లలో పోయాలి కానీ, యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు.
* మరక పడిందని పూల్ మొత్తం ఖాళీ చేయొద్దు. మళ్లీ అదే బోరు నీళ్లు నింపితే మరక తిరిగొస్తుంది. పైగా వానాకాలంలో భూగర్భ జలం పైకి వచ్చి ఉంటే, ఆ ఒత్తిడికి ఖాళీ పూల్ పగుళ్లు ఇవ్వొచ్చు, పైకి లేవొచ్చు కూడా.

మళ్లీ రాకుండా ఉండాలంటే

తెల్ల బకెట్‌లో బోరు నీళ్లు పట్టి, కాస్త క్లోరిన్ వేసి చూడండి. నీళ్లు ఎర్రగా, గోధుమ రంగులోకి మారితే ఇనుము ఉన్నట్టే. అలాంటప్పుడు ఐరన్ ఫిల్టర్ పెట్టించాకే పూల్ నింపుకోవాలి. పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య, క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం మధ్య ఉండేలా చూసుకోవాలి. రాలిన ఆకులను ఏ రోజుకారోజు తీసేయాలి. వేల రూపాయల కెమికల్స్ కొనే ముందు ఒక్క టాబ్లెట్‌తో టెస్ట్ చేసుకుంటే డబ్బూ, నీళ్లూ రెండూ మిగులుతాయి.