దావాగ్నిలో చల్లదనం



శ్రీమద్భాగవతం ఏకాదశ స్కంధంలో యదుమహారాజు ఒక అవధూతను చూచి ఆశ్చర్యపోతాడు. కామలోభాలనే కార్చిచ్చులో జనులందరూ వేగిపోతూ ఉంటే, గంగలో నిలిచిన ఏనుగువలె ఈయన ఒక్కడే చల్లగా ఎట్లున్నాడని ఆ రాజుకు కలిగిన సందేహం. అవధూత తన గురువులను 24 మందిని పేర్కొన్నాడు. భూమి, గాలి, ఆకాశం, నీరు, సముద్రం, తేనెటీగ అందులోనివే. వాటిని చూస్తూ నేర్చుకొన్నానన్నాడు.

నేటి ఉద్యోగులు తమ అవస్థను ‘బర్న్ అవుట్’ అంటున్నారు. కాలిపోవడమనియే దాని అర్థం. శక్తి ఉడిగిపోవడం, పనియందు విముఖత, ఎంత చేసినను సాధించినది లేదన్న భావన దీని లక్షణాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీనిని రోగమనక, పనిచోట ఎడతెగని ఒత్తిడివలన కలిగే స్థితిగా పేర్కొన్నది.

ఆదివారమంతా నిద్రించినా ఇది తీరదేమి? ఇందులో అలసినది శరీరం మాత్రమే కాదు, ఏకాగ్రత కూడా. మిచిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన కప్లాన్ దంపతులు 1989లో వెలువరించిన గ్రంథంలో దీనిని చక్కగా వివరించారు. లెక్కలు చూచేటప్పుడు అడ్డువచ్చే తలపులను నెట్టివేస్తూ మనస్సును బలవంతంగా నిలుపుతాము. ఆ నెట్టివేసే శక్తియే క్రమంగా క్షీణిస్తుంది. ఆకుల కదలిక, మబ్బుల గమనం బలవంతం లేకుండానే మనస్సును ఆకర్షిస్తాయి. ఆ వ్యవధిలో అలసిన శక్తి కోలుకొంటుంది. టెలివిజను కూడా ఆకర్షిస్తుంది కదా అనవచ్చు. అది మనస్సును పట్టి లాగుతుంది, ఆలోచనకు చోటివ్వదు. చెట్టు చోటిస్తుంది.

కార్తీకంలో ఉసిరిచెట్టు క్రింద వనభోజనం చేయమన్నారు పెద్దలు. కొందరు ఫంక్షన్ హాలులో కుండీలో ఉసిరికొమ్మ నాటి ఆ తంతు ముగిస్తున్నారు! సంవత్సరానికి ఒకనాటి వనం కూడా చాలదు. ఇంగ్లండులో సుమారు 20,000 మంది సమాచారాన్ని పరిశీలించి 2019లో ప్రకటించిన అధ్యయనంలో, వారానికి 120 నిమిషాలైనా ప్రకృతిలో గడిపినవారిలో ఆరోగ్యం, తృప్తి బాగున్నాయని చెప్పినవారు ఎక్కువగా కనిపించారు. అదే కారణమని నిరూపణ కాలేదు గాని, ఆ కాలాన్ని ఒకేసారి గడిపినా విడతలుగా గడిపినా భేదం కనబడలేదు. ఆరు దినాలకు పంచితే దినానికి 20 నిమిషాలు. ఆఫీసుకు బయలుదేరే ముందు రావిచెట్టుకు నిదానంగా ప్రదక్షిణ చేయడానికి అది చాలు. ఫోను మాత్రం ఇంట ఉంచి రావలెను.

ఇద్దరి పని ఒక్కరిపై మోపితే ఏ వృక్షమూ కాపాడలేదు. ఆ సంగతి పైఅధికారికి చెప్పి తీరవలసినదే. మన భక్తులలో యజమానులూ ఉన్నారు. పనిభారం సరిచూచి, మధ్యాహ్నం అరగంట విరామమిచ్చి, ఆవరణలోని వేపచెట్టు క్రింద రెండు బల్లలు వేయించడం వారికి పెద్ద వ్యయం కాదు.