ద్రవీభవన స్థాన పరీక్ష: రసాయనాల స్వచ్ఛత, గుర్తింపు

కొమ్మ కత్తిరింపులకు వేర్లు తొడిగించడానికి, పూత రాలుటను అరికట్టడానికి వాడే హార్మోను ద్రావణాలను పి.పి.ఎం. లెక్కన తయారుచేస్తారు. తూచిన పదార్థం వేరొకటైనా, మలినాలతో కూడినదైనా ద్రావణపు గాఢత కాగితంపై మాత్రమే సరిగా ఉంటుంది. దానిపై ఆధారపడిన ప్రయోగ ఫలితాలు విశ్వసనీయతను కోల్పోతాయి. చీటీ చెరిగిన సీసాలోని తెల్లని పొడి నాఫ్తలీన్ ఎసిటిక్ ఆమ్లమో, ఇండోల్ బ్యుటైరిక్ ఆమ్లమో కంటిచూపుతో తేల్చడం సాధ్యం కాదు. కొద్ది మిల్లీగ్రాముల పదార్థంతో జరిపే ద్రవీభవన స్థాన పరీక్ష ఇటువంటి సందర్భంలో తొలి ఆధారమవుతుంది.

సూత్రం

ఒక పదార్థపు ఘన, ద్రవ రూపాలు సమతాస్థితిలో ఉండే ఉష్ణోగ్రతే దాని ద్రవీభవన స్థానం. శుద్ధమైన స్ఫటిక పదార్థం సాధారణంగా ఒకటి రెండు డిగ్రీల వ్యవధిలోనే పూర్తిగా కరుగుతుంది. ద్రవంలో కలిసిపోయే మలినం ఉన్నప్పుడు కరగడం ముందుగానే మొదలై, ఎక్కువ వ్యవధిలో సాగుతుంది. అందువల్ల తొలి ద్రవబిందువు కనిపించిన ఉష్ణోగ్రతను, చివరి స్ఫటికం మాయమైన ఉష్ణోగ్రతను రెండింటినీ నమోదు చేయాలి.

పద్ధతి

పదార్థాన్ని డెసికేటరులో ఆరబెట్టి మెత్తగా నూరాలి. మిగిలిన తేమ, ద్రావణి కూడా మలినాలే. ఒక చివర మూసిన సన్నని గాజు కేశనాళికలో 2 నుండి 3 మి.మీ. ఎత్తు వరకు పొడిని గట్టిగా కూర్చాలి. దానిని థర్మామీటరు బల్బుకు ఆనించి, ద్రవ పారాఫిన్ నింపిన థీల్ గొట్టంలో ఉంచి వేడిచేయాలి. అంచనా విలువకు సుమారు 15 డిగ్రీల దిగువ వరకు త్వరగాను, ఆ తరువాత నిమిషానికి ఒకటి రెండు డిగ్రీల చొప్పున నెమ్మదిగాను ఉష్ణోగ్రతను పెంచాలి. వేగం ఎక్కువైతే థర్మామీటరు సూచిక, నమూనా ఉష్ణోగ్రత ఒకదానితో ఒకటి సరిపోలవు. సుమారు 122 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగే శుద్ధ బెంజోయిక్ ఆమ్లంతో థర్మామీటరును ముందుగా సరిచూసుకోవడం అవసరం.

మిశ్రమ పరీక్ష

ఇండోల్ బ్యుటైరిక్ ఆమ్లం సుమారు 124 డిగ్రీల వద్ద, నాఫ్తలీన్ ఎసిటిక్ ఆమ్లం సుమారు 134 డిగ్రీల వద్ద కరుగుతాయి. కాబట్టి ఈ రెండింటినీ వేరుచేయడం సులభం. అయితే యూరియా, సిన్నమిక్ ఆమ్లం కూడా సుమారు 133 డిగ్రీల వద్దనే కరుగుతాయి. కనుక అంకె కలిసినంత మాత్రాన పదార్థం ఒకటేనని నిర్ణయించరాదు.

ఈ సందేహాన్ని మిశ్రమ పరీక్ష తీరుస్తుంది. తెలియని నమూనాను, ప్రామాణిక పదార్థాన్ని సమపాళ్లలో కలిపి నూరి, విడి నమూనాలతో పాటు ఒకేసారి వేడిచేయాలి. రెండూ ఒకే పదార్థమైతే మిశ్రమం అదే ఉష్ణోగ్రత వద్ద కరుగుతుంది. వేరైతే సాధారణంగా అంతకంటే చాలా ముందుగానే కరుగుతుంది. విడివిడిగా ఒకే ఉష్ణోగ్రత వద్ద కరిగే యూరియా, సిన్నమిక్ ఆమ్లాలను కలిపినప్పుడు ఈ తగ్గుదల స్పష్టంగా కనిపిస్తుంది.

పరిమితులు

జిబ్బరెల్లిక్ ఆమ్లం వంటివి కరుగుతూనే విచ్ఛిన్నమవుతాయి. వాటి విలువ వేడిచేసే వేగాన్ని బట్టి మారుతుంది. కరిగిన యూరియాను ఇంకా వేడిచేస్తే అమ్మోనియా వెలువడి బైయూరెట్ ఏర్పడుతుంది. అందుచేత ఒకసారి కరిగిన నమూనాను తిరిగి వాడక, ప్రతి పరీక్షకూ కొత్త కేశనాళికను తీసుకోవాలి. ద్రవంలో కరగని ఇసుక, బంకమట్టి వంటివి ద్రవీభవన స్థానాన్ని తగ్గించవు. ఆ కారణంగా ఈ పరీక్ష స్వచ్ఛతా శాతాన్ని తెలుపదు. పొడిమందుల వంటి తయారీలకు వర్తించదు. వాటికి రసాయనిక విశ్లేషణ తప్పనిసరి.

కరిగే వ్యవధి స్వచ్ఛతను సూచిస్తుంది. మిశ్రమ పరీక్ష గుర్తింపును బలపరుస్తుంది. ఈ రెండింటినీ ప్రయోగ పుస్తకంలో విడివిడిగా నమోదు చేసిన తరువాతనే చీటీ లేని సీసాపై పేరు రాయడం శ్రేయస్కరం.