ఒక్క ఫోటాను ఎటు పోతుంది?

అమరావతిలో క్వాంటం వ్యాలీ నెలకొల్పుతామని 2025లో మన రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి ఐబీఎం, టీసీఎస్, ఎల్ అండ్ టీ సంస్థలు ప్రకటించాయి. అందులో 156 క్యూబిట్ల క్వాంటం కంప్యూటరు పెడతారని పేపర్లో వచ్చింది. మర్నాడు మా బెజవాడ బడిలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి, "మాస్టారూ, క్వాంటం అంటే ఏమిటండీ? మాలాంటివాళ్లకు అర్థమవుతుందా?" అని అడిగింది. తెలిసిన నాలుగు ముక్కలు చెప్పాను. ఆమె తల ఊపింది గాని, నాకే తృప్తి కలగలేదు. నేను బీయస్సీ, బీఈడీ చదివినవాణ్ణి. క్వాంటం యాంత్రికశాస్త్రాన్ని లోతుగా, వరసగా నేర్పేది ఎమ్మెస్సీలో. ఆ మెట్టు నేను ఎక్కలేదు.

యాభై దాటాక ఎక్కుదామని బుద్ధి పుట్టింది. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి ఇంటర్నెట్‌లో నడిపే ఎన్‌పీటెల్‌లో ఎమ్మెస్సీ స్థాయి క్వాంటం కోర్సుకు పేరు ఇచ్చాను. పన్నెండు వారాల పాఠాలు. వారం వారం లెక్కలు చేసి పంపాలి. మొదటివారం పది ప్రశ్నల్లో మూడే ఒప్పయ్యాయి! పాఠం నిండా "కెట్" అనే ఒక గుర్తు. దాన్ని నోట్సులో బొమ్మలా దించుకున్నానే గాని, అదేమిటో బోధపడలేదు. ఈ వయసులో నాకెందుకులే, మానేద్దామనుకున్నాను.

ఆ వారమే పదో తరగతిలోకి వెళ్లేసరికి, నల్లబల్ల మీద మా లెక్కల మాస్టారు వదిలివెళ్లిన త్రిభుజం కనిపించింది. పక్కనే కాస్ 45° = 1/√2 అని ఉంది. చెరపబోయి ఆగిపోయాను. నిన్న రాత్రి నన్ను తిప్పలు పెట్టిన లెక్కలో ఉన్నదీ ఆ 1/√2 యే! కెట్ అంటే ఒక బాణం, అంటే సదిశ. దాన్ని నిలువు భాగంగా, అడ్డం భాగంగా విడదీయడమే ఆ లెక్క. అది మీ త్రికోణమితే కదా!

ఎలాగో చూద్దాం. కిటికీ ఊచల మధ్య నుంచి తాడు కట్టి ఆడించండి. పైకీ కిందికీ ఆడిస్తే అల ఊచలు దాటిపోతుంది. పక్కలకు ఆడిస్తే ఆగిపోతుంది. కాంతికి ఇలాంటి కిటికీ పోలరాయిడ్ పలక. ఒక పలకను నిలువుగా, దాని వెనక మరొకదాన్ని అడ్డంగా పెడితే కాంతి రాదు. అంతా చీకటి. ఇప్పుడు ఆ రెండింటి మధ్య మూడో పలకను 45 డిగ్రీల వాలుగా దూర్చండి. ఇంకో అడ్డు పెట్టాం కనుక చీకటి పెరగాలి. కాని వెలుతురు వస్తుంది! చలువ కళ్లద్దాలలో పోలరైజ్డ్ రకం పగిలిన జత దొరికితే కాలిక్యులేటరు తెర ముందు మీరే చేసి చూడవచ్చు. తెర నుంచి వచ్చే కాంతి ముందే ఒక పలక దాటి వస్తుంది. అందుచేత రెండు అద్దాలు చాలు. వాటితో సూర్యుణ్ణి మాత్రం చూడకండి.

సగం కాంతి దాటింది అంటే వింత లేదు. బ్యారేజి దగ్గర కృష్ణ నీటిని ఏలూరు కాలువకు కొంత, బందరు కాలువకు కొంత పంచడం చూస్తూనే ఉన్నాం. కాని కాంతి ఫోటానులుగా వస్తుంది. ఒక్క ఫోటానే వస్తే? సగం ఫోటాను దాటడం, సగం ఆగడం ఉండదు. దాటితే మొత్తం దాటుతుంది, లేకపోతే లేదు. ఏ ఫోటాను దాటుతుందో ముందుగా చెప్పలేం. దాటే అవకాశం ఎంతో మాత్రం చెప్పగలం. బాణంలో పలక వైపు భాగాన్ని వర్గం చేస్తే వచ్చేదే ఆ సంభావ్యత. 1/√2 వర్గం 1/2. దాటిన ఫోటాను బాణం ఆ పలక దిక్కుకే తిరుగుతుంది. అందుకే వాలు పలక దాటినవాటిలో సగం, అడ్డం పలకనూ దాటగలుగుతాయి. ఈ కోర్సుకు పునాది ఇదే.

తరవాత మాత్రికలు, సంకీర్ణ సంఖ్యలు వస్తాయి. ఇవి మీరు ఇంటర్‌లో చదివేవే. ఒక సంగతి వినండి. 1925లో క్వాంటం యాంత్రికశాస్త్రానికి దారి వేసిన హైసెన్‌బర్గ్‌కు అప్పటికి మాత్రికలు తెలియవు! ఆయన రాసిన పట్టికలు మాత్రికలేనని గుర్తుపట్టినవాడు మాక్స్ బోర్న్.

మన ప్రాంతపు మనిషి సంగతీ చెప్పాలి. నూజివీడు దగ్గరి ఆగిరిపల్లిలో 1909లో పుట్టిన సూరి భగవంతం, 1928లో కలకత్తా వెళ్లి సి.వి. రామన్ దగ్గర చేరారు. ఫోటానుకు "స్పిన్" అనే గుణం ఉందని, 1931లో గురుశిష్యులిద్దరూ కాంతి పరిక్షేపణ ప్రయోగంతో నిదర్శనం చూపారు. భగవంతం గారు ఆ తరవాతి ఏడాదే వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరి ఎందరికో భౌతికశాస్త్రం నేర్పారు. మీరు ఎమ్మెస్సీలో చదవబోయే పాఠంలో మన కృష్ణాతీరం వాడి చెయ్యీ ఉందన్నమాట.

నేను ఆఖరి పరీక్ష గట్టెక్కాను. గొప్ప మార్కులేం కావు. హైడ్రోజను పరమాణువు లెక్క మూడుసార్లు చేస్తే గాని లొంగలేదు. ఫోటాను ఫలానా చోట ఎందుకు దాటిందో, ఎందుకు ఆగిందో అన్న ప్రశ్న మీద శాస్త్రజ్ఞులే ఇంకా వాదించుకుంటున్నారని తెలిసింది. అది చదివాక నాకు కొంచెం ధైర్యం కూడా వచ్చింది!

ఆ అమ్మాయి ఇప్పుడు పదో తరగతి. మూడు పలకలూ చూపించి ఇదంతా చెప్పాను. ఈసారి తల ఊపలేదు. "మధ్య పలకను 45కి బదులు నిలువు నుంచి 30 డిగ్రీలే తిప్పితే ఎన్ని దాటుతాయండీ?" అని అడిగింది. మీరూ చేయండి. మొదటి పలకను 1600 ఫోటానులు దాటాయనుకోండి. మధ్య పలకకు 30 డిగ్రీల తేడా, అక్కడి నుంచి ఆఖరి పలకకు 60 డిగ్రీల తేడా. సగటున 1200, ఆ తరవాత 300 వస్తే మీ లెక్క ఒప్పే. ఎమ్మెస్సీ క్వాంటం పాఠంలో మొదటి లెక్క మీరు చేసేసినట్లే!